పండుగ కాని రోజున బాణసంచా

గడచిన మాఘమాసంలో మా వీధిలో ఒక వృద్ధురాలు గతించారు. తొంభై దాటిన మనిషి. తమిళనాట కొన్ని తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. శవయాత్ర బయలుదేరినప్పుడు మనుమలు వీధి మొదటినుంచి చివరిదాకా టపాకాయలు పేల్చారు. పండు వయసులో వచ్చిన చావును తమిళంలో 'కల్యాణచ్చావు' అంటారు. అటువంటి చావుకు 'వెడి' కాల్చడం అక్కడ కొత్త కాదు. మూడోనాడు వీధి నివాసుల సంఘంవారు ఒక నోటీసు అంటించారు. దీపావళికి, ఆంగ్ల సంవత్సరాదికి తప్ప వీధిలో బాణసంచా కాల్చరాదనీ, వేరే రోజుల్లో కాల్చడం మన సంప్రదాయం కాదనీ దాని సారాంశం. జవాబు రాసిపెట్టమని పెద్ద మనుమడు మా దగ్గరకు వచ్చాడు.

చప్పుడు గురించిన అభ్యంతరం న్యాయమైనదే. ఆ వీధిలో పసిపిల్లలున్నారు, గుండెజబ్బు మనుషులున్నారు. 'సంప్రదాయం కాదు' అన్న మాట దగ్గర మాత్రం మా కలం ఆగింది. బాణసంచాకు ఒక తేదీ ఉన్నదని మనం ఎప్పటినుంచి అనుకుంటున్నాం?

పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థలో పనిచేసిన పి.కె. గోడే 1400-1900 సంవత్సరాల మధ్య భారతదేశంలో బాణసంచా చరిత్రను గురించి రాసిన వ్యాసం 1953లో బెంగుళూరు నుంచి వెలువడింది. చిన్న పుస్తకమే. ఆయన పోగుచేసిన పాత సాక్ష్యాలను మరికొన్నిటితో కలిపి వరసగా పెట్టి చూస్తే ఒక విషయం కొట్టవచ్చినట్టు కనబడుతుంది. 1443లో విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్ మందుగుండు వేడుక చూసింది మహానవమి ఉత్సవాల్లో. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, కాలుతూ నిప్పులు చిమ్మే కోటలను వర్ణించింది కూడా మహానవమి సందర్భంలోనే. మహారాష్ట్రంలో ఏకనాథుడు 16వ శతాబ్దిలో రచించిన 'రుక్మిణీ స్వయంవరం'లో బాణసంచా కాల్చింది పెళ్ళిలో. కొలువు, పెళ్ళి, ఊరేగింపు: మందు ముట్టించడానికి ఇవే సందర్భాలు. తిథి చూసి కాక, బయలుదేరిన మనిషినో దేవుణ్ణో చూసి కాల్చేవారన్న మాట.

అన్నిటికన్నా మమ్మల్ని ఎక్కువ ఆకర్షించినది ఒడిశా సాక్ష్యం. గజపతి ప్రతాపరుద్రుని పేర ఉన్న 'కౌతుకచింతామణి' అనే సంస్కృత గ్రంథంలో బాణసంచా తయారీ యోగాలున్నాయి. ఆయన రాజ్యకాలం 1497 నుంచి సుమారు 1540 వరకు. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకునేదాకా తెలుగు తీరంలో పెద్దభాగం ఆయన ఏలుబడిలోదే. గ్రంథంలోని పేర్లు చూడండి: కల్పవృక్షబాణం, చామరబాణం, పుష్పబాణం, చంపాబాణం, చంద్రజ్యోతి, పుష్పవర్తి, తీక్ష్ణనాలం, ఛుఛుందరీరసబాణం. ఇందులో సగానికి పైగా పేర్లలో 'బాణం' ఉన్నది. ఒడియావారు ఈనాటికీ టపాకాయను 'బాణ' అనే అంటారు. మన 'బాణసంచా', తమిళుల 'వాణవేడిక్కై', కన్నడిగుల 'బాణబిరుసు' అన్నీ ఆ కుదుటివే.

'పుష్పవర్తి' అంటే పువ్వు వత్తి. మన పిల్లలు కాల్చే 'కాకరపువ్వొత్తి'లో ఆ రెండు ముక్కలూ అలాగే ఉన్నాయి. వస్తువు అదేనని మేము అనబోము, పేరు కట్టిన తీరు మాత్రం అదే. 'చంద్రజ్యోతి' వెన్నెల. మన 'మతాబు', తమిళ 'మత్తాప్పు' పారసీకంలోని 'మహ్‌తాబ్' నుంచి వచ్చాయి, దాని అర్థమూ వెన్నెలే. ఇక 'ఛుఛుందరి' అంటే కంపుకొట్టే చుంచెలుక. నేలమీద గోడవారగా అడ్డదిడ్డంగా పరుగెత్తే మందుకు ఆ పేరు ఎంత అతికిందో చెప్పనక్కరలేదు. హిందీలో 'ఛఛూందర్' ఎలుకకూ, అటువంటి టపాకాయకూ కూడా పేరు. మన 'సిసింద్రీ' ఈ మాటే అని మా అభిప్రాయం. ఇల్లు పీకి పందిరివేసే పిల్లవాణ్ణి సిసింద్రీ అనేటప్పుడు చుంచెలుక అంటున్నామని తల్లులకు తెలియదు, తెలియకపోవడమే మేలు!

మందుగుండులోని 'మందు' కూడా ఇటువంటిదే. తెలుగులో ఔషధమూ, తుపాకీమందూ, సారాయీ మూడూ మందే. మరాఠీలో 'దారూ' అన్నది సారాయికీ తుపాకీమందుకూ చెల్లుతుంది, పారసీకంలో దాని మూలార్థం ఔషధం. బాణసంచాను మరాఠీలో 'శోభేచీ దారూ' అంటారు, అంటే అలంకారపు మందు. షోలాపూరు పద్మశాలీలకు ఈ పదం చెవిన పడినప్పుడు అనువాదం అవసరమై ఉండదు.

దీపావళి దీపాల పండుగగా పాతదే. ఇంటింటి గడపలోనూ టపాకాయ పేలడానికి మాత్రం సరుకు చవక కావాలి. 'సీమటపాకాయ' అన్న మాటలోనే అది సముద్రం దాటి వచ్చిన సరుకన్న జ్ఞాపకం ఉన్నది. 1920లలో శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలై, తరవాత బాణసంచా దానికి తోడైంది. ఆ కరిసల్ నేలల్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి సరుకు వీధి అంగడికి వచ్చాక, రాజుల ఊరేగింపులో ఉన్నది సామాన్యుని అరుగుమీదికి దిగింది. తేదీ దానితోపాటే స్థిరపడింది.

ఆ తేదీ అయినా అందరికీ ఒకటి కాదు. యానాం చూడండి. అది 1954 వరకు ఫ్రెంచివారిది, అక్కడి ప్రభుత్వానికి జూలై 14 జాతీయోత్సవం. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చాక బ్రిటిషాంధ్రం నుంచి బాల్యవివాహాలు జరిపించడానికి యానాం వెళ్ళేవారు. ఆ ఊరికి 'కల్యాణపురం' అన్న పేరు వచ్చిన కథ అంత గర్వించదగినది కాదు. ఇప్పుడు అక్కడ ఆగస్టు 16 సెలవు, 1962లో చట్టరీత్యా విలీనమైన దినం. గోదావరి ఆవలి ఒడ్డున ఎదుర్లంకలో అది మామూలు పనిరోజు. బరంపురంలో రాజమహేంద్రవరం నుంచి వచ్చారని చెప్పుకునే నేతగాళ్ళు ఉన్నారు. రెండేళ్ళకొకసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు వారి కులపెద్ద దేశిబెహరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వచ్చి, నెలరోజులు రాత్రిళ్ళు వీధివీధీ తిరుగుతుంది. ఆ నెల ఊరికంతా పండుగే. పొరుగు ఊళ్ళకు కాదు.

చివరికి దీపావళి గంటలు కూడా ఒకటి కావు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు టపాకాయలు కూడదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. 2018 అక్టోబరు 23న దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకే అనుమతించింది. తెలుగు ఇళ్ళకు అది సరిపోయింది. తెల్లవారుజామున గంగాస్నానం చేసి టపాకాయ ముట్టించే తమిళులకు అది పండుగ వేళే కాదు. తమిళనాడు ప్రభుత్వం మొరపెట్టుకుంటే వారం తిరగకుండానే ఆ రెండు గంటలను రాష్ట్రమే ఎంచుకోవచ్చన్నారు. ఉదయం ఆరు నుంచి ఏడు, రాత్రి ఏడు నుంచి ఎనిమిది అని నిర్ణయించారు.

మేము రాసిపెట్టిన జవాబు తమిళంలో, ఒక్క పుట. రాత్రి పది దాటాక కాల్చబోమనీ, శవయాత్ర బయలుదేరేముందు ఇంటింటికీ కబురు చెబుతామనీ, జబ్బుమనిషి ఉన్న ఇంటిముందు ఆపుతామనీ రాశాం. సంప్రదాయం కాదన్న వాక్యాన్ని మాత్రం తొలగించమని కోరాం. సంఘంవారు నోటీసు తీసి కొత్తది పెట్టారు. అందులో ఆ వాక్యం లేదు.

కాగితం తీసుకువెళ్తూ ఆ అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. కాకరపువ్వొత్తిని వాళ్ళ నాయనమ్మ 'పువ్వొత్తి' అనేదట. తామంతా 'కంబి మత్తాప్పు' అనే అంటారట. ఆవిడ తరవాత ఆ ఇంట్లో ఆ మాట అనేవారు ఎవరూ లేరు.