దశాంశ బిందు స్థాన నిర్ణయం

దశాంశ సంఖ్యలను గుణించినప్పుడు లేదా భాగించినప్పుడు ఫలితంలో పూర్ణాంక భాగాన్నీ భిన్న భాగాన్నీ వేరుచేసే బిందువు ఎక్కడ రావాలో తేల్చే పద్ధతిని దశాంశ బిందు స్థాన నిర్ణయం అంటారు. దశాంశ భిన్నాల వాడుక 952 ప్రాంతంలో డమాస్కస్‌లో అల్ ఉక్లీదిసి రాసిన అంకగణిత గ్రంథంలో కనిపిస్తుంది. ఐరోపాలో వాటిని ప్రచారంలోకి తెచ్చింది 1585లో సైమన్ స్టెవిన్ ప్రచురించిన చిన్న పుస్తకం. ఆయన సంకేతంలో బిందువు లేదు. అంకె స్థానాన్ని వలయంలో రాసిన సంఖ్య సూచించేది. బిందువు స్థిరపడటానికి జాన్ నేపియర్ సంవర్గమాన రచనలు తోడ్పడ్డాయి.

గుణకార నియమానికి మూలం భిన్నాల గుణకారమే. 2.35 అంటే 235/100, 1.4 అంటే 14/10. హారాల లబ్ధం 1000. అందువల్ల 235 × 14 = 3290లో కుడి నుంచి మూడు అంకెల తర్వాత బిందువు వస్తుంది: 3.290, అనగా 3.29. స్థానాలు లెక్కించకముందే చివరి సున్నాను కొట్టివేస్తే ఫలితం 0.329గా తప్పుతుంది. అంకెలు చాలనప్పుడు ఎడమవైపు సున్నాలు చేరతాయి: 0.3 × 0.02 = 0.006.

భాగహారంలో విభాజ్య, విభాజకాలను 10 యొక్క ఒకే ఘాతంతో గుణిస్తే భాగఫలం మారదు. కనుక 4.68 ÷ 0.12ను 468 ÷ 12గా మార్చవచ్చు, ఫలితం 39.

గుణకార, భాగహారాలకు వాడిన స్లైడ్ రూల్ అనే గణన సాధనం ఫలితపు అంకెలనే చూపేది, బిందువును చూపేది కాదు. దాని స్థానాన్ని ఉజ్జాయింపుతో నిర్ణయించేవారు. డబ్బు లెక్కల విషయానికి వస్తే, భారతదేశంలో 1957 ఏప్రిల్ 1న రూపాయిని 100 నయా పైసలుగా విభజించడంతో నాణేల లెక్క దశాంశ పద్ధతిలోకి మారింది.