రెండున్నర గంటల తేడా

కడప జిల్లా బద్వేలు చుట్టుపక్కల పల్లెల్లో రాత్రి తొమ్మిదిన్నరకు కువైట్‌లో పనిచేసే అమ్మ నుంచి ఫోను వస్తే, అవతల ఏడే అయిందని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అకామా (నివాస అనుమతి) అంటే ఏమిటో, దినారుకు ఎన్ని రూపాయలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్లలో ఒక పిల్ల కాలేజీలో చేరిన మొదటి ఏడాది ‘ప్రపంచ దృక్పథం’ మీద ఉపన్యాసం వింటుంది. అందులో కువైట్ ఉండదు, అమ్మ ఉండదు. ఇల్లు చూపిన ప్రపంచం ఒకటి, చదువు చూపే ప్రపంచం మరొకటి. ఈ ఎడం ఇప్పటిది కాదు.

1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ మరుసటి ఏడే ఉచిత పాఠశాలలు తెరిచాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగే అయినా, కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాళపత్ర ప్రతులు సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. చివరికి లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. ఇంకొకరి మాటలోకి దిగి అక్కడినుంచి లోకాన్ని చూడటం ఎలాగో ఆయన చేసి చూపాడు.

ఆ తర్వాత వచ్చిన చదువు ఈ దారి పట్టలేదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పై చదువంటే ఇంగ్లీషు, పరీక్ష, సర్కారు కొలువు. 1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల రావడంతో సీమ కుర్రాళ్లకు దూరం తగ్గింది. చదువు తీరు మాత్రం పెద్దగా మారలేదు.

వేరే దారి మదనపల్లెలో కనిపిస్తుంది. అనిబిసెంట్ పూనికతో 1915లో మొదలైన అక్కడి కళాశాలకు ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. 1919 ఫిబ్రవరిలో అతిథిగా వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించాడు. దాని బాణీకి కజిన్స్ భార్య మార్గరెట్ స్వరలిపి రాసింది. ఐర్లండ్ మహిళ స్వరాలు రాసిన ఆ బెంగాలీ పాటను రాయలసీమ విద్యార్థులు దగ్గరుండి విన్నారు. వాళ్లకు ప్రపంచం పాఠంగా కాక పొరుగుగా ఎదురైంది.

స్వాతంత్ర్యం తర్వాత విస్తరణ మీద దృష్టి పడింది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1977లో కడపలో దాని పీజీ కేంద్రం, ఆ కేంద్రమే 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం. 2008లో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పదో తరగతి దాటిన పల్లెపిల్లలకు ఆరేళ్ల సాంకేతిక చదువు తెరిచింది. ఇళ్లలో తొలిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకు చోటు దొరికింది. వాళ్లను లోపలికి తీసుకొచ్చే పద్ధతి గురించి ఆలోచన మాత్రం ఆలస్యంగా మొదలైంది: 2017లో ఇంజినీరింగు విద్యార్థులకు ఏఐసీటీఈ మూడు వారాల పరిచయ కార్యక్రమం, 2019లో ‘దీక్షారంభ్’ పేరుతో యూజీసీ అలాంటిదే.

ఈలోగా ఇళ్లు తమ పాఠం తాము నేర్చుకుంటూనే ఉన్నాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడ్డాయి. సుమారు 1.7 లక్షల మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు, చాలామందిని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా. అలా ఒట్టి చేతులతో తిరిగొచ్చిన కుటుంబాలకు అంతర్జాతీయ రాజకీయం ఏమిటో ఇంకొకరు వివరించాల్సిన పని లేదు.

కాబట్టి మొదటి ఏడాది తరగతిలో ప్రపంచపటం వేలాడదీసే ముందు, బల్లమీద మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) ముక్క ఒకటి పెట్టాలి. ఎత్తి చూస్తే సైజుకు మించిన బరువు. ఆ బరువు కోసమే దాన్ని పొడి చేసి చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలుపుతారు. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి మన జిల్లాల నేలలోనే ఉంది. రాయి నుంచి బావికి, బావి నుంచి చమురు సంపదకు, ఆ సంపద నుంచి కడప ఆడవాళ్లు వంట చేసే షేకుల ఇళ్లకు పిల్లలే దారి గీస్తారు. భూగర్భశాస్త్రం, వాణిజ్యం, కార్మిక చట్టం ఆ దారిలోనే తగులుతాయి.

ఆ తరగతి పనిచేసిందో లేదో ఏ పరీక్షా చెప్పలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను ఎత్తిన పిల్ల, డబ్బుల మాట అయ్యాక ఇంకొక్కటి అడగాలి: “మీ షేకింట్లో ఇంకొకామె పనిచేస్తాదంటివే, ఆమెది యా దేశం మా?”