రెండు పేర్లలో ఒకటి: కోదాడ సిక్కిరెడ్డి

తెలుగువారి బ్యాడ్మింటన్ చరిత్ర అనగానే మన మనస్సులో మెదిలేవన్నీ ఒంటరి విజయాలే. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్, 2017లో ఒకే సంవత్సరం నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు సాధించిన శ్రీకాంత్, 2019లో ప్రపంచ విజేతగా నిలిచిన సింధు. డబుల్స్ ఆడినవారిలో గుత్తా జ్వాల పేరు చాలామందికి తెలుసు. ఆ తరువాత జాబితా చప్పున ఆగిపోతుంది. అక్కడ ఆగకూడదని నా పట్టుదల. అందులో కొంత ప్రాంతాభిమానం కూడా లేకపోలేదు. నాది త్రిపురారం, నేలకుర్తి సిక్కిరెడ్డి 1993లో పుట్టినది కోదాడలో.

మా వైపు సాయంకాలపు ఆట వాలీబాల్. బడిలో అయితే పసుపుపచ్చ ఉన్నిబంతితో బాల్ బ్యాడ్మింటన్. షటిల్ మాత్రం ఆరుబయట సాగే ఆట కాదు. పదహారు ఈకలు గుచ్చిన ఆ అయిదు గ్రాముల వస్తువు సాగరు కాలువ గాలికి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. నాలుగు గోడలూ, ఎత్తయిన కప్పూ ఉంటేనే అది ఆట. కాబట్టి మా ప్రాంతపు పిల్లలు ఈ ఆటలో పైకి రావాలంటే హైదరాబాదు చేరక తప్పదు. సిక్కిరెడ్డి తండ్రి కూడా వాలీబాల్ ఆటగాడే. ఆమె రాటుదేలినది గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీలో.

మిక్స్‌డ్ డబుల్స్ చూసేవారి కన్ను సాధారణంగా వెనుకనుంచి స్మాష్ కొట్టే పురుషుని మీదనే ఉంటుంది. వల దగ్గర నిలిచిన స్త్రీ షటిల్‌ను కిందికి దించుతూ, ఎదుటివారు దానిని పైకి లేపక తప్పని స్థితి కల్పిస్తుంది. లేచిన షటిల్‌ను భాగస్వామి కొడతాడు. చప్పట్లు అతనికే. సిక్కి ప్రణవ్ జెర్రీ చోప్రాతో కలసి 2016లో బ్రెజిల్ ఓపెన్, రష్యన్ ఓపెన్ గ్రాండ్ ప్రి టైటిళ్ళు గెలిచింది. రష్యా పోటీలు అక్టోబరులో వ్లాదివస్తోక్‌లో జరిగాయి. అక్కడే మహిళల సింగిల్స్ గెలిచినది మన పొరుగున ఉన్న ఖమ్మం అమ్మాయి గద్దె రుత్విక శివాని. ఆ ఫైనల్స్ ముగిసిన రెండు రోజులకు, దసరానాడు, కోదాడ నల్లగొండ జిల్లానుంచి విడివడి సూర్యాపేట జిల్లాలో చేరింది. పండుగ, కొత్త జిల్లాల సంబరం నడుమ ఈ గెలుపును మా ప్రాంతంలో ఎందరు పట్టించుకున్నారో!

2017 జనవరిలో లక్నోలో జరిగిన సయ్యద్ మోదీ పోటీలు నాకు మరింత ఆసక్తికరం. మిక్స్‌డ్ ఫైనల్లో సిక్కి, ప్రణవ్ ఒకవైపు. సుమీత్ రెడ్డి, అశ్విని పొన్నప్ప మరొకవైపు. సిక్కి జంట 22-20, 21-10తో గెలిచింది. మహిళల డబుల్స్ ఫైనల్లో అదే అశ్విని ఆమెకు జోడీ! ఆ పోటీలో ఇద్దరూ డెన్మార్క్ జంట చేతిలో ఓడిపోయారు. నిన్నటి ప్రత్యర్థి మనస్సును నేడు తన మనస్సుగా చదువుకోవలసిన ఆట ఇది. సింగిల్స్‌వారికి ఈ బాధ లేదు.

2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో భారత మిక్స్‌డ్ జట్టు తొలిసారి స్వర్ణం గెలిచింది. ఫైనల్లో మలేసియాపై 3-1. సాత్విక్, అశ్విని జంట, శ్రీకాంత్, సైనా గెలిచారు. పురుషుల డబుల్స్ ఓడాము. ఫలితం తేలిపోవడంతో అయిదవదైన మహిళల డబుల్స్ జరగనే లేదు. సిక్కి జట్టులో ఉన్నది, మెడలో స్వర్ణం పడింది, ఫైనల్లో మాత్రం రాకెట్ పట్టే అవకాశమే రాలేదు. దీనిని అదృష్టమనేవారితో నేను ఏకీభవించను. జట్టు పోటీలో చివరి మ్యాచ్‌కు సిద్ధంగా కూర్చోవడమూ ఆటలో భాగమే. అయినా ఆ వాదన అవసరం లేకుండా అవే క్రీడలలో అశ్వినితో కలసి మహిళల డబుల్స్ కాంస్యం గెలిచింది. ఆస్ట్రేలియా జంటపై 21-19, 21-19. ఇంత దగ్గరి అంకెలు రెండు సార్లు తన వైపు తిప్పుకోవడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో ఆడినవారికే తెలుస్తుంది. ఆ ఏడాదే అర్జున పురస్కారం లభించింది.

ఒలింపిక్స్ ఆమెకు అందలేదు. మన పత్రికల కొలమానంలో అదొక్కటే లెక్కకు వస్తుంది కాబట్టి, మిగిలినదంతా చిన్న వార్తగా మిగిలిపోయింది.

2019లో సిక్కి, సుమీత్ వివాహం చేసుకున్నారు. లక్నోలో వలకు చెరొక పక్క నిలిచిన ఆ ఇద్దరూ తరువాతి సంవత్సరాలలో మిక్స్‌డ్ జంటగా అంతర్జాతీయ పోటీలు ఆడారు. 2025 మార్చిలో సుమీత్ ఆటనుంచి విరమించుకున్నాడు.