లాభం, రెండు, మూడు

మా జిల్లాల్లో కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఎవరూ "ఒకటి" అనరు. "లాభం" అంటారు. ఆ తరవాతే రెండు, మూడు. నా చిన్నతనంలో మా నాయన కళ్ళంలో రాశి పక్కన కూర్చుని నేను ఈ లెక్క ఎన్నోసార్లు విన్నాను. కొలిచేవాడు మా పాలేరు. లాభం అని నోరారా పలికేవాడూ వాడే. ఆ లాభం ఎవరిదని అడగవలసిన వయస్సు నాకు వచ్చేసరికి కుంచాలు అటకెక్కి కిలోలు దిగాయి. ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. కృష్ణా గోదావరీ డెల్టా జనజీవితాన్ని గురించీ, అక్కడి జానపద వాఙ్మయాన్ని గురించీ నేను చెప్పదలచిన నాలుగు మాటలూ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

డెల్టా సంస్కృతి అనగానే మన పండితులు ఒక చిత్రం గీస్తారు. పచ్చని చేలు, నిండుగా పారే కాలవలు, వాకిట ముగ్గులు, గొబ్బెమ్మలు, అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని వచ్చే హరిదాసు, అలంకరించిన గంగిరెద్దు. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని ఇది వీధి అరుగుమీద కూర్చున్నవాడికి కనపడే దృశ్యం. అరుగుమీదనుంచి చూస్తే హరిదాసు వస్తూండటం కనపడుతుంది గాని, అతని పాత్రలో పడిన బియ్యాన్ని పండించిన మనిషి ఏ గుడిసెలోంచి వచ్చిందీ కనపడదు. చరిత్ర రాయదలచినవాడు అరుగు దిగాలి.

మొదట ఈ "అన్నపూర్ణ" వయస్సెంతో చూద్దాం. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనంలో సుమారు రెండు లక్షలమంది నశించారని ఆనాటి దొరల లెక్కలే చెపుతున్నాయి. 1821 మొదలు 1841 లోపల రాజమహేంద్రవరం జిల్లా జనాభా అయిదో వంతుకు మించి తగ్గిపోయింది. అంత గోదావరి పక్కన పారుతూ ఉంటే జనం ఎందుకు చచ్చారు? ఒకపక్క వరదలు, ఒకపక్క అనావృష్టి. పాత చెరువులకూ కాలవలకూ మరమ్మతు చేసే నాథుడు లేడు. పండినా ఎండినా శిస్తు మాత్రం చెల్లించవలసిందే. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ ఇచ్చిన నివేదికలో ఈ జిల్లా దుర్దశ ప్రభుత్వానికే తెలిసివచ్చింది. ఆ తరవాతే ధవళేశ్వరం ఆనకట్ట: 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి లేచింది.

కాటన్ దొరను మా జిల్లాల జనం దేవుడితో సమానంగా తలుచుకుంటారు. ఊరూరా విగ్రహాలున్నాయి. ఆకలి తెలిసిన జనం అన్నం పెట్టిన పనిని మరచిపోకపోవటంలో తప్పులేదు; వెక్కిరించటం మన పని కాదు. కాని కుంపిణీ ప్రభుత్వం ఆనకట్టలకు డబ్బు పెట్టింది ధర్మానికి కాదు, శిస్తు పెరుగుతుందని. పెరిగింది కూడా. ఇక ఆ రాళ్ళు మోసినవారూ, ఆ కాలవలు తవ్వినవారూ ఎవరు? వేలకొద్దీ ఉప్పరలు, వడ్డెరలు, మాలమాదిగ కూలీలు. వారికి ఒక్క విగ్రహం లేదు. ఒక మనిషి తలుచుకుంటే నది వంగదు. వేలమంది నడుములు వంగితేనే నది వంగుతుంది.

నీరు వచ్చాక అన్నీ మారాయి. మెట్టపైర్లు పోయి వరి పరుచుకుంది. ధాన్యం గాదెలోంచి బజారుకు నడిచింది. కాలవ రైతుకు నీళ్ళ దారి, వర్తకుడికి బండి దారి కూడా. గట్టువెంట మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతూంటే బస్తాల పడవలు లాకులు దాటి కాకినాడకూ, బందరుకూ పోయేవి. భూమి ధర పెరిగింది. భూమి ఉన్నవాడు నిలదొక్కుకున్నాడు. వాడి పిల్లలు ఇంగ్లీషు చదువులు చదివారు. డెల్టా పట్టణాలలో వెలసిన అచ్చుకూటాలూ, గ్రంథాలయాలూ, నాటక సమాజాలూ ఈ మిగులు ధాన్యం మీదే నిలిచాయి. మన ఆధునిక సాహిత్యం కూడా చాలావరకు ఆ గాదెలోంచే వచ్చిందని ఒప్పుకోవటానికి సిగ్గుపడనక్కరలేదు. ఒప్పుకోకపోతేనే సిగ్గు. భూమి లేనివాడికి మాత్రం వచ్చిందేమిటి? పని వచ్చింది, అదీ ఊడ్పులకూ కోతలకూ మాత్రమే.

డెల్టా పల్లెలో ఏడాదిని నెలలతో కాక కార్తెలతో లెక్కపెట్టేవారు. రోహిణిలో ఎండలు, మృగశిరతో తొలకరి. ఏరువాక పున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, అరక కట్టేవారు. ఆకుమడిలో నారు పోయటం, దమ్ము చేయటం, నారు పీకి కట్టలు కట్టటం, ఊడ్పు, కలుపు, కోత, పనలు కట్టి కుప్ప వేయటం, నూర్పిడి, తూర్పార. దమ్ము మగవాడిది, ఊడ్పూ కలుపూ ఆడవారివి. మోకాటిలోతు బురదలో పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా వంగిన నడుము ఎత్తకుండా నాటు వేసే స్త్రీకి పాట వేడుక కాదు. చేతులన్నీ ఒక్క ఊపున సాగటానికీ, నడుము నొప్పి మరచిపోవటానికీ అది ఒక పనిముట్టు. పలుగూ పారా ఎటువంటివో పాటా అటువంటిదే. జానపద గేయాన్ని "స్వచ్ఛమైన పల్లెటూరి ఆనందం" అని మెచ్చుకునే విమర్శకుడు ఒక్కరోజు ఊడ్చి చూడాలి.

కళ్ళంలో అసలు లెక్క తేలేది. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు. రాశి ఇంటికి చేరకముందే కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, నీరటి, వెట్టి వచ్చి తమ మేర అడిగేవారు. ఏడాది పొడుగునా చేసిన పనికి అదే ప్రతిఫలం. దీన్ని చూపించి గ్రామం ఒక కుటుంబంవంటిదనీ, అందరికీ అందులో వాటా ఉన్నదనీ కొందరు రాశారు. వాటా ఉన్నమాట నిజమే. కాని ఎవరికెంతో నిర్ణయించేది ఎవరు? మేర పుచ్చుకునేవాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇచ్చేవాడు మంచంమీద కూర్చుంటాడు. కోత అయిన చేలో రాలిన వెన్నులను పరిగెగా ఏరుకునేది పల్లె ఆడవాళ్ళూ పిల్లలూ. ఎలక కన్నాలు తవ్వి అందులో దాగిన కంకులు తీసుకునేది యానాదులు. ఊరి గాదెకూ ఎలక కన్నానికీ మధ్య ఎన్ని అంతస్తులున్నవో లెక్కపెడితే గ్రామం నిర్మాణమంతా తెలిసిపోతుంది.

సంక్రాంతిని కూడా ఈ వెలుగులోనే చూడాలి. హరిదాసు, జంగమదేవర, బుడబుక్కలవాడు, కొమ్మదాసరి, పగటివేషగాళ్ళు, గంగిరెద్దులవాళ్ళు అందరూ పుష్యమాసంలోనే ఎందుకు వస్తారు? గాదెలు నిండేది అప్పుడు గనుక. మతం వారికి వేషం ఇచ్చింది. వేళను మాత్రం పంట నిర్ణయించింది. అయితే ఆ కళాకారులను బిచ్చగాళ్ళుగా చూడటం తప్పు. సన్నాయి ఊదేవాడు, పద్యం చెప్పేవాడు, వేషం కట్టి కరణాన్నీ మునసబునూ నవ్వులపాలు చేసేవాడు, వీరంతా శ్రామికులే. ఏడాదికొకసారి పెద్దమనిషిని ఎదుటనే ఎగతాళి చేయటానికి ఊరు ఇచ్చిన అనుమతి పగటివేషం. మర్నాటినుంచి మళ్ళీ చేతులు కట్టుకోవలసిందే.

ఇక పాటల సంగతి. బిరుదురాజు రామరాజుగారి "తెలుగు జానపద గేయ సాహిత్యము" 1958లో వెలువడింది. గోదావరి ప్రాంతాన నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి పాటలు పోగుచేశారు. ఈ మహనీయుల కృషి లేకపోతే మనకు ఏమీ మిగిలేది కాదు. అయితే పోగుచేసిన పాటల్లో ఏ ఇంటి పాట ఏదో విడదీసి చూడటం తరవాతివారి పని. రామాయణం పాటలను పరిశీలించి, బ్రాహ్మణ స్త్రీల పాటల్లో అత్తవారింటి అధికారం, కోడళ్ళ ఆంతర్యం ప్రధానమనీ, ఇతర కులాల స్త్రీల పాటల్లో పనిపాటలకు చోటెక్కువనీ వెల్చేరు నారాయణరావుగారు 1991లో చూపించారు. ఒకే సీత; వాకిలి మారితే కథ మారింది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక వేసవి సెలవుల్లో పాటలు సేకరించి తెమ్మని విద్యార్థులకు చెప్పాను. కాగితాల కట్టలు వచ్చాయి. గొబ్బిపాటలు, తలుపుదగ్గర పాటలు, అప్పగింతలు. అన్నీ ఎవరిళ్ళలోవి వారు తెచ్చుకున్నవే. కాలవ దాటి పల్లెలోకి ఒక్కరూ వెళ్ళలేదు. వెళ్ళమని నేనూ చెప్పలేదు. ఆ తప్పు దిద్దుకుందామని మా ఊళ్ళోనే, మా చేలో ఏళ్ళతరబడి ఊడ్చిన ఒక ముసలమ్మ దగ్గరకు వెళ్ళాను.

"మామ్మా, ఊడ్పుపాట ఒకటి చెప్పు, రాసుకుంటాను" అన్నాను.

"ఏ పాట మేస్టారూ? మీ నాయనగారు గట్టుమీద ఉన్నప్పటిదా, లేనప్పటిదా?" అన్నది.

నేను తెల్లబోయాను. రెండు పాటలూ ఒకే వరస. మొదటిదానిలో ఆసామి చేను బంగారం పండాలని దీవెన. రెండోదానిలో అదే ఆసామి కూలి కొలిచే కుంచం మాటిమాటికీ చిన్నదవుతుంది. చివరకు దోసిలి అవుతుంది. పాట ముగించి ఆమె నవ్వి, మా ఇంట్లో పుచ్చుకునే కుంచం వేరు, ఇచ్చే కుంచం వేరు అన్న సంగతి పల్లెలో పిల్లకాయలకు కూడా తెలుసునన్నది. నాకు మాత్రం తెలియదు. నేను డిగ్రీలు చదివినవాణ్ణి. ఆ రాత్రి అటకమీద వెతికితే రెండు కుంచాలూ దొరికాయి. బియ్యం పోసి కొలిచి చూశాను. ఆమె అబద్ధం చెప్పలేదు.

కాబట్టి జానపద గేయం చరిత్రకు ఆధారమే గాని, అది ఎవరి ఎదుట పాడినదో తెలియకుండా దాన్ని వాడితే ఆధారమే మనల్ని మోసం చేస్తుంది. గట్టుమీద మనిషి ఉన్నప్పటి పాటలు మాత్రమే చదివి, డెల్టా పల్లెల్లో వర్గ వైరుధ్యాలు లేవని తేల్చటం ఎంత సులువు!

ఈ రెండో పాటను ఎవరూ వినలేదా? విన్నారు. 1922లో వెలువడిన "మాలపల్లి" ఊరిని పల్లెనుంచి చూసింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1943లో అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో వెలసింది. ఆ కాలంలోనే ప్రజానాట్యమండలి జంగంకథను చేతబట్టి బుర్రకథగా మలచింది. పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన నాజర్ తంబురా భుజానికెత్తితే ఊళ్ళు కదిలివచ్చాయి. పాత రూపంలో కొత్త ప్రాణం పోయవచ్చునని మన ఉద్యమం నిరూపించింది.

అయినా ఆత్మవిమర్శ లేని గర్వం పనికిరాదు. 1937లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురంనుంచి మద్రాసుకు నడిచింది. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. జమీందారుమీద పోరాడిన ఆసామి విజయం పొందాడు. ఆ ఆసామి చేలో కూలికి వెళ్ళినవాడి లెక్క మిగిలిపోయింది. మనం "రైతుకూలీ" అని ఒక్క మాటలో కలిపి పలికినంత మాత్రాన గట్టుమీదివాడూ బురదలోవాడూ ఒక్కరైపోలేదు. 1985 జులైలో కారంచేడులో నెత్తురు పారింది దేనితో మొదలై? మాదిగపల్లె మంచినీళ్ళ చెరువులో గేదెల కుడితి కడిగిన తగాదాతో. నీటివల్ల బతికిన నేలలో తాగే నీళ్ళ పరువు అడిగినందుకు మనుషులను చంపారు. 1991 ఆగస్టులో తెనాలికి దగ్గరి చుండూరులో మళ్ళీ అదే. డెల్టా సంస్కృతిని వర్ణించే ఏ వ్యాసమైనా ఈ రెండు పేర్లూ ఎత్తకపోతే అది ముగ్గు వేసినట్టే గాని చరిత్ర రాసినట్టు కాదు.

నేడు కోతయంత్రం చేలోకి దిగింది. కుప్పా లేదు, కళ్ళమూ లేదు, మేరా లేదు. వరిచేలు ఎన్నో చేపల చెరువులైనాయి. సాగులో పెద్దభాగం కౌలుదార్ల చేతిలో ఉంది. ఆసామి పట్నంలో ఉన్నాడు. గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించారు. పాటలు పోతున్నాయని మనలో కొందరు దుఃఖిస్తున్నారు. నడుము విరిగే పని పోతే దానితోపాటు దాని పాటా పోతుంది. అందుకు నేను ఏడవను. నేను భయపడేది వేరు. మొదటి పాటను రికార్డు చేసి సంక్రాంతి సంబరాల్లో మైకులో వేస్తున్నారు. రెండో పాట తెలిసిన ముసలివాళ్ళు ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఇది చదివే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నా మనవి ఒక్కటే. కాలవ దాటండి. పాట అడిగినప్పుడు అది ఎవరి ఎదుట పాడేదో కూడా అడిగి రాసుకోండి. మీ అటకమీద కుంచాలుంటే దించి కొలవండి. మా ఇంటివి రెండూ నా బల్లమీద పక్కపక్కనే ఉన్నాయి. చూడవచ్చినవారు రెండూ ఒకటే కదా అంటారు. అప్పుడు పెద్దదానితో నిండా బియ్యం తీసి చిన్నదానిలో పోస్తాను. బల్లమీద ఒలికినదాన్ని చూపించి "లాభం" అంటాను.