జమాబందీ నుంచి ప్రజావేదిక దాకా

సర్కారు లెక్కలను సరిచూడడం తెలుగునాట కొత్త సంగతి కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో రైత్వారీ పద్ధతి కుదురుకున్నాక ఏటా జమాబందీ జరిగేది. కరణం రాసిన ఊరి లెక్కలను తెప్పించి, సాగు, శిస్తు, బకాయిలు పోల్చి, ఆ ఏటి రాబడిని పై అధికారి ఖాయం చేసే తంతు అది. రైతు అక్కడికి వచ్చినా అర్జీ పెట్టుకోవడానికే గాని అధికారిని లెక్క అడగడానికి కాదు. 1984లో కరణీకం రద్దయినా, జవాబు చెప్పవలసింది పైవారికే అన్న అలవాటు మిగిలిపోయింది.

ఆ అలవాటును తలకిందులు చేసిన ప్రయోగం రాజస్థాన్‌ది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే ప్రజాసంఘం 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో తొలి జనసునవాయి, అనగా బహిరంగ విచారణ, జరిపి పంచాయతీ పనుల పద్దులను ఊరివాళ్ల ముందే చదివించింది. ఆ ఉద్యమ ప్రభావం 2005 నాటి సమాచార హక్కు చట్టంలో కనిపిస్తే, అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం తన 17వ సెక్షన్‌లో పనుల సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. రాజస్థాన్‌లో జనం పోరాడి సాధించుకున్న తనిఖీని ఆంధ్రప్రదేశ్‌లో సర్కారే తలకెత్తుకుంది. తప్పులు పట్టేవారికి జీతమిచ్చే ప్రభుత్వం అరుదే. 2009లో ఈ పనికి విడిగా ఒక సొసైటీ ఏర్పడింది.

తనిఖీ బృందం ఇంటింటికీ తిరిగి జాబ్ కార్డును, కూలీల హాజరు పట్టీ అయిన మస్టరును పక్కపక్కన పెట్టి చూస్తుంది. చనిపోయినవారికీ వలస వెళ్లినవారికీ హాజరు పడిందేమో అక్కడ తేలుతుంది. పని కొలతలు రాసే ఎంబీ పుస్తకంలోని చెరువు పూడిక నిజంగా తీశారా అన్నది టేపు పెడితే తెలుస్తుంది. తరువాత మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. అక్కడ కూలీ మైకు పట్టుకుని అడిగితే ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు అందరి ఎదుటా జవాబు చెప్పాలి. జమాబందీ విడిదిలో ఊహకైనా అందని దృశ్యమిది.

అయితే తప్పు తేల్చినంత చురుగ్గా సొమ్ము రాబట్టడం జరగలేదు. తేల్చేవారికి శిక్షించే అధికారం లేదు, శిక్షించవలసిన శాఖకు తొందర లేదు.

2011లో కేంద్రం ఉపాధి హామీకి తనిఖీ నిబంధనలు చేసి ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటి తనిఖీ విభాగం ఉండాలంది. పలు పథకాలకు వర్తించేలా సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టం తెచ్చిన తొలి రాష్ట్రం మాత్రం ఆంధ్రప్రదేశ్ కాదు, తెలంగాణా కాదు. 2017లో ఆ పని చేసింది మేఘాలయ.