ఒకే శిబిరం, రెండు రక్షక దళాలు

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనప్పుడు అణ్వాయుధాలు ఎవరి చేతికి పోతాయోనని ప్రపంచం కలవరపడింది. ఆంతరంగిక వ్యవహారాల మంత్రిత్వశాఖ కింది ‘అంతర్గత దళాల’ పంపకం మాత్రం అంతగా ఎవరి దృష్టికీ రాలేదు. సరిహద్దు ఆవలి శత్రువు కోసం కాక, దేశం లోపలి అలజడి కోసం పెంచిన సైన్యమది. మన సీఆర్పీఎఫ్‌తో పోల్చవచ్చు గానీ పోలిక సగమే కుదురుతుంది. అందులో నిర్బంధ సేవకు పిలిచిన యువకులుండేవారు.

కొత్త రిపబ్లిక్కులకు దాని విలువ త్వరలోనే తెలిసివచ్చింది. 1993 అక్టోబరులో యెల్త్సిన్‌కూ పార్లమెంటుకూ పోరు ముదిరినప్పుడు సైన్యాధికారులు తటపటాయించారు. ఒస్తాంకినో టెలివిజన్ కేంద్రం వద్ద అంతర్గత దళాల ‘వీత్యజ్’ విభాగం తటపటాయించలేదు. అక్కడ పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

ఉక్రెయిన్ కథ మరో మలుపు తిరిగింది. 2014 ఫిబ్రవరిలో కీవ్ మైదాన్‌లో నిరసనకారులపై కాల్పులు జరిపిన అపఖ్యాతితో ‘బెర్కుత్’ పోలీసు దళం రద్దయింది. దానిలో కొందరు క్రిమియాలో రష్యా కొలువులో చేరారు. మార్చిలో పార్లమెంటు అంతర్గత దళాల పునాదిపైనే జాతీయ రక్షక దళాన్ని నెలకొల్పింది. నిన్నటిదాకా మైదాన్‌లో ఎదురెదురుగా నిలిచిన జవానులూ స్వచ్ఛంద సేవకులూ ఒకే యూనిఫాం తొడిగారు. ఇది రాజీయా, నిస్సహాయతా? రెండూ అనుకోవాలి, ముంగిట్లోకి యుద్ధం వచ్చినప్పుడు పాత లెక్కలు తేల్చుకునే తీరిక ఉండదు.

అదే ఏడాది కజకస్తాన్ కూడా తన దళాలకు అదే పేరు పెట్టుకుంది. అయినా 2022 జనవరి అల్లర్లలో రష్యా నాయకత్వంలోని కూటమి సేనలను పిలిపించుకోక తప్పలేదు.

రష్యాలో ఆ పేరు 2016 ఏప్రిల్‌లో వచ్చింది. అసలు మార్పు పేరులో లేదు. అంతర్గత దళాలనూ, ఓమోన్, సోబ్ర్ పోలీసు విభాగాలనూ మంత్రి చేతినుంచి తప్పించి పుతిన్ నేరుగా తన కిందికి తెచ్చుకున్నారు. అధిపతిగా తన పూర్వ అంగరక్షకుడు విక్తర్ జొలొటోవ్‌ను నియమించారు. మంత్రిని దాటించడమంటే, కాల్పుల ఆదేశానికీ అధ్యక్షునికీ నడుమ నిలవగల చివరి సంతకాన్ని తొలగించడమే.

2022 ఫిబ్రవరి 24న హొస్తొమెల్ విమానాశ్రయాన్ని కాచుకున్నది ఉక్రెయిన్ జాతీయ రక్షక దళపు నాలుగవ బ్రిగేడ్. కీవ్ వైపు కదలిన రష్యన్ వాహనశ్రేణుల్లో జొలొటోవ్ మనుషులూ ఉన్నారు, గుంపులను చెదరగొట్టే సామగ్రితో. ఒకే శిబిరపు వారసులు ఒకే నగరపు వాకిట్లో ఎదురుపడ్డారు.

మరుసటి ఏడాది జూన్‌లో ప్రిగోజిన్ కిరాయి సేన మాస్కో దారి పట్టినప్పుడు ఆ దళం దారిలో దానిని నిలువరించలేదు. బలగాలను రాజధాని చుట్టూ కేంద్రీకరించామని జొలొటోవ్ సమర్థించుకున్నారు. తమకు ఇక ట్యాంకులు కూడా రానున్నాయని ప్రకటించారు.