పని ముగిసినా పిలుపు ముగియదు: మదనపల్లె పరిచర్య చరిత్ర నేటి వృద్ధ సంఘానికి నేర్పే పాఠం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో సంఘాల స్థితిగతుల గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక దిగులు వ్యక్తమవుతుంది. గుడిలో పెద్దవయసువారే మిగిలారని, చదువుకున్న పిల్లలు బెంగళూరుకో విదేశాలకో వెళ్లిపోయారని, క్రిస్మసుకు వచ్చి మర్నాడే తిరుగు ప్రయాణమవుతారని సంఘ పెద్దలు చెప్పుకుంటారు. ఈ మూడు ఊళ్లూ బెంగళూరుకు కొద్ది గంటల దూరంలోనే ఉన్నాయి. ఆ దగ్గరితనమే యువతరాన్ని లాగివేస్తోంది. మిషన్ బడుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసి విరమించిన ఉపాధ్యాయులు, నర్సులు ఆదివారం ఆరాధనకు వస్తున్నారు. వారి తరువాత ఆ బల్లలపై కూర్చునేదెవరన్నది అందరి మనసుల్లోనూ ఉన్న ప్రశ్న.

ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నను కొంచెం మార్చి అడగదలచాము. సంఘంలో ఎందరు మిగిలారన్నది ఒక లెక్క. మిగిలినవారిని ప్రభువు ఏ పనికి పిలుస్తున్నాడన్నది వేరొక విచారణ. ఈ రెండవదానికి జవాబు వెదకడానికి మదనపల్లె చరిత్రలోనే ఒక మంచి ఆధారం ఉందని మా అభిప్రాయం.

ఆర్కాట్ మిషన్ తొలి రోజులు

అమెరికాలోని సంస్కరణ సంఘానికి చెందిన ఆర్కాట్ మిషన్ 1853లో స్కడ్డర్ సోదరుల చేత ఏర్పడింది. ఆ మిషన్ తరఫున 1860లో ఈ దేశానికి వచ్చిన జేకబ్ చేంబర్లేన్ మొదట పలమనేరులో ఉండి, 1863లో మదనపల్లెకు చేరాడు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాట్ వైపున జమీందారీల కింద ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడూ ఒకే జిల్లాలోకి వచ్చాయి.

చేంబర్లేన్ పాస్టరే గాక వైద్యుడు కూడా. ఒక చేత మందుల పెట్టె, మరో చేత తెలుగు సువార్త ప్రతులు పట్టుకుని ఊరూరా తిరిగాడు. తెలుగు బైబిలు సవరణ సంఘంలో ప్రముఖ పాత్ర వహించాడు. తన సంఘపు ఆరాధన క్రమాన్ని తెలుగులోకి తెచ్చాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఆ సంవత్సరమే దక్షిణ భారత ఐక్య సంఘం ఏర్పడి, ఆర్కాట్ మిషన్ సంఘాలు అందులో చేరాయి. 1947 సెప్టెంబరు 27న అది దక్షిణ ఇండియా సంఘంలో భాగమైంది.

ఆ తరంలో సంఘం పని ఏమిటన్న సందేహం ఎవరికీ లేదు. వైద్యం లేని చోట వైద్యం, బడి లేని చోట బడి, వాటితోపాటు సువార్త. మదనపల్లెలో స్త్రీల కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలిసింది. పుంగనూరులో కూడా మిషన్ స్థిరపడి పరిచర్య సాగించింది. నేటి సంఘాల్లోని పెద్దలలో అనేకులు ఈ సంస్థల నీడలో పెరిగినవారే. అందుకే సంస్థ బలహీనపడితే సంఘమే బలహీనపడినట్టు వారికి అనిపిస్తుంది.

ఆరోగ్యవరం

క్షయవ్యాధికి మందు లేని రోజులవి. విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారం మాత్రమే ఆధారం. ఏ ఒక్క మిషన్‌కూ ప్రత్యేక ఆసుపత్రి కట్టే శక్తి లేకపోవడంతో దక్షిణాదిలోని పలు మిషన్లు చేతులు కలిపాయి. 1912లో డెన్మార్క్ దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొడ్ మోలర్ నాయకత్వంలో ఐక్య మిషన్ క్షయ శానిటోరియం మదనపల్లెలో తాత్కాలికంగా ప్రారంభమైంది. 1915లో ఊరికి కొద్ది మైళ్ల దూరాన సొంత స్థలానికి మారింది. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడి గాలి, చుట్టూ కొండలు. ఆ స్థలమే ఆరోగ్యవరం.

క్షయ అంటే ఇంట్లోవాళ్లు కూడా దూరంగా పెట్టే కాలంలో ఆరోగ్యవరం రోగికి మంచం ఇచ్చింది, అన్నం పెట్టింది, నెలల తరబడి పక్కన మనిషిని ఉంచింది. సంఘాల ఐక్యత గురించి వేదాంతులు ఇంకా చర్చించుకుంటుండగానే వేర్వేరు మిషన్లు రోగి మంచం దగ్గర ఐక్యమయ్యాయి. దక్షిణ ఇండియా సంఘపు చరిత్ర రాసేవారు ఈ సంగతిని గుర్తించవలసి ఉంది. ఇక్కడ సేవ చేసిన డాక్టర్ పి. వి. బెంజమిన్ స్వతంత్ర భారత ప్రభుత్వానికి క్షయ నివారణ సలహాదారు అయ్యారు.

మందు వచ్చిన తరువాత

1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. మద్రాసులో 1956లో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఇంటివద్దనే మందులు ఇచ్చింది, రెండవ వర్గాన్ని శానిటోరియంలో ఉంచింది. 1959లో వెలువడిన ఫలితాలు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాయి. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారు కూడా మందులు సరిగా వాడితే శానిటోరియం రోగులతో సమానంగా కోలుకున్నారు. శానిటోరియాల యుగం ముగియబోతోందని దాని అర్థం.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆరోగ్యవరం ఆ మార్పు కోసం గోడల వెనుక కూర్చుని ఎదురుచూడలేదు. 1948లో దేశంలో బి.సి.జి. టీకా మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుండి 1955 వరకు శానిటోరియం వైద్యులు చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి, ఇంటింటా ప్రజలను పరీక్షించి, క్షయ ఎలా వ్యాపిస్తుందో అధ్యయనం చేశారు. వ్యవస్థాపకుని కుమారుడు జొహన్నెస్ ఫ్రిమొడ్ మోలర్ నాయకత్వంలో జరిగిన ఈ పరిశోధనలు 1960, 1964 సంవత్సరాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడ్డాయి. తన వద్దకు వచ్చే రోగి కోసం కట్టిన సంస్థ, రోగి ఉన్న పల్లెకు తానే నడిచింది. తన మంచాల అవసరం తగ్గించే పనిలో తానే పాలుపంచుకుంది. ఆపైన సాధారణ ఆసుపత్రిగా, నర్సుల శిక్షణ కేంద్రంగా రూపు మార్చుకుని ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ అయింది.

యోహాను సువార్త 12వ అధ్యాయంలోని గోధుమగింజను తలచుకోకుండా ఈ చరిత్రను చదవలేము. రూపం చనిపోయింది, పిలుపు మిగిలింది.

ఆసుపత్రి వేరు, సంఘం వేరు

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఆసుపత్రికి జీతాలు తీసుకునే వైద్యులు, నర్సులు ఉంటారు. డెబ్బై ఏళ్లు దాటిన సభ్యులున్న సంఘానికి ఏముంది? ఈ అభ్యంతరం న్యాయమైనదే. అంతేగాక, రూపం మార్చుకోలేక మూతబడిన మిషన్ సంస్థలు మన దేశంలో కొన్ని కాదు. అన్ని కథలూ ఆరోగ్యవరం కథలు కావు.

అయితే ఆ శానిటోరియం ఇచ్చినవాటిని విడదీసి చూద్దాం. మంచం, మందు, గాలి, అన్నం, తోడు. మందును నేడు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మంచం చాలామందికి అక్కరలేదు. మిగిలినవి అన్నం, తోడు. ఈ రెండూ ఇవ్వడానికి పట్టా అవసరం లేదు, యౌవనం కూడా అవసరం లేదు.

క్షయ పోలేదు. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. 1959 నాటి పరిశోధన మంచి తిండి లేకపోయినా మందులు పనిచేస్తాయని చూపింది. కాని తిండి అనవసరమని దాని అర్థం కాదు. జార్ఖండ్‌లో 2019లో మొదలై 2023లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధనలో, రోగి కుటుంబసభ్యులకు అదనపు ఆహారం ఇచ్చినప్పుడు వారిలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గినట్టు తేలింది. వంద సంవత్సరాల క్రితం ఆరోగ్యవరం వంటశాల చేసిన పనికి ఇది ఆలస్యంగా వచ్చిన సాక్ష్యమని మేము భావిస్తున్నాము.

కేంద్ర ప్రభుత్వం 2018 నుండి క్షయ రోగికి పోషణ నిమిత్తం నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుండి దాన్ని 1000 రూపాయలకు పెంచింది. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన నిక్షయ్ మిత్ర పథకం కింద వ్యక్తులు, సంస్థలు, సంఘాలు రోగులను దత్తత తీసుకుని నెలనెలా ఆహార సామగ్రి అందించవచ్చు. స్త్రీల మైత్రి ఉన్న ఏ సంఘమైనా చేయదగిన పని ఇది. బియ్యం, కందిపప్పు, నూనె, వేరుశనగలు మూటగట్టి ఇంటికి తీసుకువెళ్లడం, మందు మానకుండా ఆరునెలలు పలకరించడం. రోగి పేరు బయటపడకుండా, అతడు ఏ మతం వాడని అడగకుండా, ఆ మూటను మతమార్పిడికి ఎర చేయకుండా చేయాలి. లేకపోతే పరిచర్య పోయి బేరం మిగులుతుంది.

ఊరు మారింది

కుప్పం సంగతి చూద్దాం. తెలుగు, తమిళం, కన్నడం కలిసే ఆ ఊరు బెంగళూరు రైలు మార్గం మీద ఉంది. అక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపితమైంది. తరువాత వైద్య కళాశాల కూడా వచ్చింది. యువతరం వెళ్లిపోయిందని మనం దిగులుపడుతున్న ఈ ప్రాంతానికే వేరే ఊళ్ల పిల్లలు పుస్తకాల సంచులతో వస్తున్నారు. మన పిల్లలు బెంగళూరులో గది వెదుక్కుంటున్నట్టే వారూ ఇక్కడ వెదుక్కుంటున్నారు. పొరుగూరి బిడ్డకు జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చే పెద్దమ్మ ఏ సంఘంలోనైనా ఉంటుంది. ఆమెను ఆ పనికి పిలిచేవారే కావాలి.

ముగింపు

లూకా సువార్త 2వ అధ్యాయంలో దేవాలయానికి తెచ్చిన శిశువును గుర్తుపట్టినవారు సుమెయోను, ప్రవక్త్రి అయిన అన్న. వృద్ధురాలైన అన్న ఆ శిశువును గురించి విమోచన కోసం కనిపెట్టుకున్నవారందరికీ చెప్పడం మొదలుపెట్టింది. వృద్ధాప్యం ఆమెకు నిరీక్షణ గదే గాని విశ్రాంతి గది కాలేదు.

సంఘ పెద్దలు తదుపరి సమావేశంలో హాజరు పట్టీతోపాటు మరొక పట్టీ కూడా రాయాలని మా మనవి. గుడి గోడకు అవతల రెండు వీధుల్లో మందు మింగుతున్నవారెవరు, ఒంటరిగా ఉన్నవారెవరు, కొత్తగా వచ్చినవారెవరు అని. ఆ పట్టీ పూర్తయ్యేలోగా ఈ సంఘం ఎందుకున్నదన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగం తలుపు తట్టి వెళ్లినవారికి తెలుస్తుంది.